కుచ్చిళ్ల సీటు

నేను పరదాలు కుట్టేవాణ్ణి. పరదా కుట్టడంలో పెద్ద రహస్యమేమీ లేదు. సూటిగా పోవాలి, చివర మడవాలి, పైన కుచ్చిళ్లు పెట్టాలి. ఆ పని మీదే సంసారాన్ని ఈదుకొచ్చాను కనుక, సూదీ దారంతో అయ్యే పని ఏదైనా నాకు చేతనవునన్న భ్రమలో ఉండేవాణ్ణి. ఆ భ్రమ మా అత్తగారి మోటార్ సైకిల్ సీటు మీద కూర్చుని జారి కిందపడింది.

మోటార్ సైకిల్ అత్తగారిదే, నేను పొరపాటు రాయలేదు. ఆవిడ ఆస్పత్రిలో పురుళ్లు పోసే నర్సుగా పని చేశారు. వేళాపాళా లేకుండా కబురొస్తుంటే బస్సుల కోసం నిలబడలేక ఆ బండి కొనుక్కున్నారు. అది మా ఆవిడకంటే వయసులో పెద్దది. ఇంట్లో గౌరవం కూడా ఆ వరుసలోనే: ముందు బండి, తర్వాత మా ఆవిడ, ఆ తర్వాత నేను.

పెళ్లైన కొత్తలో అత్తగారు నాకు బండి నేర్పబోయారు. మొదటి గేరులోనే ప్రహరీగోడను పలకరించి, అప్పటినుంచి వెనక సీటుకే అంకితమైపోయాను. ఆవిడ ముందు, పరదాల మూట ఒళ్లో పెట్టుకుని నేను వెనక. ఉద్యోగం మానేశాక కూడా నన్ను పనికి దింపడం ఆవిడ మానలేదు.

సీటు కవరు చిరిగి చాలాకాలమైంది. చిరుగులోంచి స్పాంజి నాలుక బయటపెట్టినట్టు కనిపించేది. వాన పడినప్పుడల్లా కడుపునిండా నీళ్లు తాగి, ఎండ కాశాక కూడా గుట్టుగా దాచుకునేది. ఒకరోజు ఒక పెద్ద ఆఫీసులో పరదాలు బిగించడానికి నిచ్చెన ఎక్కాను. కింద ఉన్నవాళ్లంతా పరదాలను వదిలేసి నా ప్యాంటు వెనక్కి చూశారు. ఒకాయన దగ్గరికొచ్చి, బాత్రూం ఎటువైపో మర్యాదగా చెప్పి వెళ్లాడు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పాను.

"బజారులో సీట్లు కుట్టే అతనికిద్దాం నాయనా. సాయంత్రానికల్లా ఇచ్చేస్తాడు" అన్నారు అత్తగారు.

"ఇంట్లో నేనుండగా బయటివాడెందుకు అత్తయ్యా?"

మా ఆవిడ చదువుతున్న పేపరు దించి నా వైపు చూసింది. తను అలా చూసిందంటే నేను కాస్త ఆగి ఆలోచించుకోవాలని అర్థం. తెలిసి కూడా ఆగలేదు.

ఆదివారం పొద్దున సీటు ఊడదీసి వరండాలో పెట్టుకున్నాను. అడుగున రేకు చుట్టూ తుప్పు పట్టిన కొక్కేలున్నాయి. వాటిని లేపేసరికి గోళ్లు విరిగాయి. పాత కవరు మొత్తంగా ఊడొచ్చింది. దాన్ని విప్పి, ముక్కలు చూసి, కొలత తీసుకోవాలని మామూలు దర్జీకైతే తట్టేది. నేను మామూలు దర్జీని కాదు కదా, చెత్తబుట్టలో పడేశాను. పాత స్పాంజి ముట్టుకుంటే పొడిపొడిగా రాలుతోంది. దాని బదులు సోఫాలకు వేసే మందపాటి స్పాంజి పెట్టాను, అత్తగారి నడుముకు సుఖంగా ఉంటుందని. పైన నల్లటి రెక్సిన్ పరిచి కుట్టడం మొదలుపెట్టాను. పక్కలు బాగానే వచ్చాయి. మూలల దగ్గర రెక్సిన్ మిగిలిపోయింది. మిగిలినదాన్ని ఏం చేయాలో నా చేతులకు ఒక్కటే తెలుసు.

సీటు బండికి బిగించాక మా ఆవిడ వచ్చి చుట్టూ తిరిగి చూసింది.

"కుచ్చిళ్లు పెట్టారేంటండీ?"

"మూలల్లో అలాగే వస్తుంది."

"బాగుంది. తాడు లాగితే పక్కకి జరుగుతుందా?"

అత్తగారు మాత్రం నవ్వలేదు. నేను హ్యాండిలు పట్టుకుంటే బండెక్కి కూర్చున్నారు. పాదాలు రెండూ గాల్లో తేలాయి. వాటిని ఒకసారి అటూ ఇటూ ఆడించి, "నేల ఎక్కడుంది నాయనా?" అని అడిగారు.

స్పాంజి తగ్గించి మళ్లీ కుడతానన్నాను.

"ఈసారి పాతది చూసి కుట్టండి నాయనా. ఎక్కడ పెట్టారు?"

గేటు బయట చెత్తబుట్ట ఖాళీగా ఉంది. వీధి మలుపులో చెత్తబండి వెనక భాగం అప్పుడే మాయమవుతోంది.

అత్తగారు దిగి, బండిని గేటు దాటించి, ఒక్క తన్నుతో స్టార్టు చేశారు. నేను అలవాటు ప్రకారం వెనక్కి నడిచాను.

"అటు కాదు, ముందుకి. నా కాళ్లు అందవు. మీవి అందుతాయి."

"నాకు రాదు కదా అత్తయ్యా."

"నేనుంటాగా వెనక."

క్లచ్ వదిలాను. బండి వెళ్లిపోయింది, కాస్త ఆలస్యంగా నేనూ వెళ్లాను. కొత్త రెక్సిన్ సబ్బుబిళ్లలా నున్నగా ఉంది. బ్రేకు నొక్కినప్పుడల్లా నేను ట్యాంకు మీదికి, అత్తగారు నా వీపు మీదికి. బండి ఎగిరి దూకినప్పుడు ఇద్దరం కలిసి వెనక్కి. ఆవిడ గొంతు మాత్రం ఎక్కడా జారలేదు.

"ఊపిరి తీసుకోండి. అంతే. తొందరేం లేదు. బాగా చేస్తున్నారు. ఇంకొంచెం... ఆఁ, ఇప్పుడు."

పురిటిగదిలో ఎందరికి చెప్పి ఉంటారో ఆ మాటలు. ఆ గొంతు విని ఎంతమంది ఈ లోకంలోకి వచ్చారో నాకు తెలీదు. నేను రెండో గేరులోకి వచ్చాను.

మార్కెట్ దగ్గర చెత్తబండి ఆగి ఉంది. బండి ఆపడమంటే ఇంజను ఆగిపోవడమేనని అప్పటికి అర్థమైంది కనుక, ఆ పద్ధతిలోనే దాని పక్కన ఆపాను. చెత్తబండి ఆమె అడిగింది:

"ఏం పడిపోయిందండీ, బంగారమా?"

"పాత సీటు కవరు."

"కొత్తది ఉందిగా?"

అంటూనే మా సీటు వైపు చూసింది. కుచ్చిళ్లు చూసింది. ఇంకేమీ అడక్కుండా వెతుక్కోవడానికి నా చేతికి కర్ర ఇచ్చింది.

కవరు దొరికింది. మా ఆవిడ దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు. బయటే కడిగి, కుట్లు విప్పి, ముక్కలు రెక్సిన్ మీద పరిచి గీసుకున్నాను. మూలలకు విడిగా చిన్న చిన్న ముక్కలున్నాయి, కుచ్చిలి అన్న మాటే లేదు. స్పాంజి సగానికి కోశాను. కుట్టడం, విప్పడం, మళ్లీ కుట్టడం చాలా రోజులు సాగింది. పరదాలు ఇమ్మని వచ్చినవాళ్లకు మా ఆవిడే సర్దిచెప్పింది. చివరికి సీటు సీటులా తయారైంది. వెనకవైపు ఒక కుట్టు వంకరపోయింది కానీ, దాని మీద కూర్చునేది నేనే కదా అని ఊరుకున్నాను.

ఆ మర్నాడు అత్తగారు ఒక్కరే పాత స్నేహితురాలిని చూసి రావడానికి బండి మీద వెళ్లారు. తిరిగొచ్చేదాకా గేటు దగ్గరే తచ్చాడాను.

"సీటెలా ఉంది అత్తయ్యా?"

ఆవిడ బండికి స్టాండు వేశారు. "సీటా? అసలు గుర్తే రాలేదు నాయనా."

నేను అలిగాను. అన్నం దగ్గర కూడా ముఖం తిప్పుకునే కూర్చున్నాను. మా ఆవిడ కాసేపు చూసి, "కూర్చున్నవాళ్లకి సీటు గుర్తు రాలేదంటే అంతకంటే ఏం కావాలండీ?" అంది. నిజమేననిపించింది. అలగడానికి దొరక్క దొరక్క దొరికిన కారణం చేజారినందుకు కాస్త బాధ కూడా వేసింది.

సాయంత్రం అత్తగారిని తాళంచెవి అడిగాను. ఆవిడ వెంటనే తీసిచ్చారు. ఎక్కడా ఆగకుండా వీధి చివరిదాకా వెళ్లాను. అక్కడ మలుపు తిప్పడం చేతకాక, దిగి, చేత్తో తిప్పుకుని, మళ్లీ ఎక్కి ఇంటికొచ్చాను.