ఖాళీగా ఉన్న ఆరేళ్ళు

నేనూ నా భర్తా ఒకే క్లాసు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. పెళ్ళయ్యాక ఇద్దరికీ పీహెచ్‌డీ చేయాలనే ఉండేది. కానీ తార్నాకలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాక ఒకరైనా సంపాదించక తప్పదు. ముందు ఒకరు చదవాలి, తర్వాత ఇంకొకరు. అట్లా వంతులు వేసుకున్నాం. హబ్సిగూడలో ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో నాకు వెంటనే ఉద్యోగం దొరికింది కాబట్టి మొదటి వంతు అతనికి వచ్చింది. అంతకు మించి పెద్దగా ఆలోచించింది లేదు.

మూడేళ్ళలో అయిపోతుందన్నాడు. ఆరేళ్ళు పట్టింది. ఫెలోషిప్పు వచ్చిన నెల వచ్చింది, రాని నెల రాలేదు. ఒక ఏడాది రసాయనాలు రాలేదు, ఇంకో ఏడాది గైడుగారు లాంగ్ లీవు పెట్టారు, ఆయన తిరిగొచ్చేసరికి మెషీను పాడైంది. ఇందులో అతని తప్పేమైనా ఉందా అని చాలాసార్లు వెతికాను. దొరికుంటే హాయిగా పోట్లాడేదాన్ని.

నేనేం చేశానంటే, నిలబడ్డాను. మా ల్యాబులో పాలు, నీళ్ళు, నూనెలు పరీక్ష చేస్తాం. అది కూర్చుని చేసే పని కాదు. హబ్సిగూడ నుంచి తార్నాకకు మెట్రోలో ఒక్కటే స్టేషను, ఆ ఒక్క స్టేషనుకూ సీటు కోసం కళ్ళతో వెతుక్కునేదాన్ని. ఇంటికొచ్చాక వేడినీళ్ళ టబ్బులో కాళ్ళు పెట్టుకుంటే, కూర ఏం వండాలో ఆలోచించే ఓపిక కూడా ఉండేది కాదు. అతను క్యాంపస్ నుంచి వచ్చి ఉల్లిగడ్డలు కోయడం మొదలుపెట్టేవాడు.

చివరికి అతనికి డాక్టరేటు వచ్చింది. కంపెనీల చుట్టూ తిరిగాడు. ఎక్కడికెళ్ళినా అనుభవం ఎంత అనే ప్రశ్నే. ఈ ఆరేళ్ళూ ఏం చేశారని ఒకచోట అడిగారట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ఊరి బయట ఒక ఇంజనీరింగు కాలేజీలో పాఠాలు చెప్పే పని దొరికింది. జీతం నాకంటే తక్కువే అయినా, ఇల్లు గడుస్తుంది, ఇక నువ్వు చదువుకో అన్నాడు.

నేను ఎంట్రెన్సు రాశాను, సీటు వచ్చింది. అదే వారం మా మేనేజరు నన్ను సెక్షను ఇన్‌చార్జిని చేస్తానన్నారు. రెండింటికీ శుక్రవారమే గడువు. డిగ్రీలున్నవాళ్ళు ఎక్కడైనా దొరుకుతారు, పని తెలిసినవాళ్ళే దొరకరు, పీహెచ్‌డీ ఏం పెడుతుందో మీ ఇంట్లోనే చూస్తున్నారు కదా అన్నారాయన. ఒళ్ళు మండింది. మండినా, అందులో అబద్ధం లేదు.

శుక్రవారం ఉదయం సగం రోజు సెలవు పెట్టి అతన్ని వెంటబెట్టుకుని క్యాంపస్‌కు వెళ్ళాను. కౌంటరు దగ్గరి క్లర్కు నా సర్టిఫికెట్లు తిరగేసి, ఎమ్మెస్సీ అయ్యాక ఇన్నేళ్ళు ఖాళీ ఉంది, స్టాంపు పేపరు మీద గ్యాప్ సర్టిఫికెట్ తెమ్మన్నారు. నా ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చూపించాను. ఆయన దాన్ని ముట్టుకోనైనా లేదు. అది ఉద్యోగం, నేనడిగేది చదువు సంగతి అన్నారు.

తార్నాకలో టైపింగు, జిరాక్సు, నోటరీ అన్నీ ఒకే షాపులో దొరుకుతాయి. షాపాయన కంప్యూటరులో ఆ మ్యాటరు ఎప్పటిదో సిద్ధంగా ఉంది, పేరు మార్చడమే.

"ఎన్నేండ్ల గ్యాప్ మేడం?" అన్నాడు.

"గ్యాప్ కాదు. జాబ్ చేసిన."

"సదువుకోలే గద. గదే గ్యాపు."

ఆ మాటలో వెటకారమేమీ లేదు. ఆయనకు తెలిసిన సంగతి చెప్పాడంతే. ప్రింటు తీసి చేతికిచ్చాడు. ఇంగ్లీషులో ఉంది. పై ఆరేళ్ళూ నేను ఇంటివద్ద ఖాళీగా ఉన్నానని ప్రమాణపూర్వకంగా తెలియజేస్తున్నాను అని దాని భావం. ఆ వాక్యం తీసేయమన్నాను. ఫార్మాటు మారిస్తే ఆఫీసులో తీసుకోరు, తిప్పి పంపుతారు అన్నాడు. కౌంటరు మూసే వేళ దగ్గరపడుతోంది. నాకు ఏడుపొచ్చింది. పాదాల నుంచి మోకాళ్ళ దాకా సలుపు మొదలైంది.

"నేను ల్యాబ్‌కు పోత. ఇన్‌చార్జి పోస్టే తీస్కుంట," అన్నాను అతనితో. "దీని మీద సంతకం పెట్టి సదువుకోవాల్నా?"

అతను కాగితం తీసుకుని రెండుసార్లు చదివాడు. ఓదార్చలేదు.

"నన్ను గూడ అడిగిన్రు గద, ఆరేండ్లు ఏం చేసినవని. వాళ్ళ లెక్కల నాది గ్యాపు, వీళ్ళ లెక్కల నీది గ్యాపు. మరి ఇల్లు ఎట్ల నడిచిందో ఎవ్వరూ అడుగరు," అన్నాడు. "మనకెరుకే గద. సంతకం పెట్టు. వంతు నీది."

పెట్టాను. నోటరీ తలెత్తకుండానే ముద్ర వేశారు. క్యాంపస్‌లో క్లర్కు ఆ ముద్ర ఒక్కటే చూసి, ఒక్క ముక్కా చదవకుండా మిగతా కాగితాలతో కలిపి పిన్ను కొట్టేశారు. నన్ను అంతగా ఏడిపించిన వాక్యాన్ని చదివింది మేమిద్దరమే.

మెట్ల మీద నిలబడి మేనేజరుకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన బాగుందని పొడిగా అనేసి, నోటీసు నెల పూర్తిగా చేయాలని గుర్తుచేశారు. ఎదురుగా చెట్టు కింద సిమెంటు బెంచీ ఉంటే ఇద్దరం వెళ్ళి కూలబడ్డాం.

ల్యాబుకు ఎన్నింటికి పోవాలని అడిగాడు. రెండింటికి అన్నాను. అంటూనే అలవాటుకొద్దీ లేవబోయాను.

"ఇంక టైమున్నది. జరసేపు కూసో," అన్నాడు.

కూర్చున్నాను. చెప్పులు విప్పి పాదాలు చల్లటి నేల మీద పెట్టాను. ఆరేళ్ళలో నేను ఖాళీగా ఉన్నది ఆ కాసేపే. ప్రమాణపూర్వకంగా చెప్పమంటే అది చెబుతాను.