చూస్తే తెలీదా?

బ్రూస్‌పేటలో ఒక బట్టల అంగడి పైన మా ఆఫీసు. జీన్స్ కుట్టే యూనిట్లకు స్టాకు చూసుకునే ప్రోగ్రాములు చేస్తాం. చేరిన కొత్తలో మా సీనియర్ సార్ తాను రాసిన జావాస్క్రిప్ట్ ఫైలు ఇచ్చి, ఇది నేర్చుకుంటేనే ఉద్యోగం ఖాయం అన్నారు. తెరిస్తే మొదటి వరుసలోనే విలువలకు పేర్లు పెట్టే వార్ అనే మాట, దాని వెనక ఎ, కె, ఎమ్, టి అంటూ ఒంటి అక్షరాలు బారుగా ఉన్నాయి. పైన కె అంటే సైజులా ఉంది. కిందికొచ్చేసరికి అదే కెలో రంగు కూర్చుంది. నాకు తల తిరిగిపోయింది.

"సార్, ఈ కె ఏంది?" అని అడిగాను.

"చూస్తే తెలీదా? ఏం చదివినావమ్మా కాలేజీలో?" అన్నారు అందరి ముందూ.

పక్కవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి, అర్థమైనట్టు తలూపాను. మా ఊరు హచ్చొళ్ళిలో మా నాన్న మడి గట్టున నిలబడి, ఎదురైనవాళ్లకల్లా నా ఉద్యోగం గురించి చెప్తుంటాడు. ఆయన గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

సార్‌ది తరతరాల వ్యాపార కుటుంబం. "మా అంగట్లో చీర మింద అసలు ధర అంకెల్లో కాకుండా గుర్తు అక్షరాల్లో రాస్తాం. గిరాకీకి తెలీకూడదప్పా, మనోళ్లకు తెలిస్తే సాలు" అని ఒకసారి పక్కాయనతో గొప్పగా చెప్పారు. ఆ మనోళ్లలో నేను లేనన్నమాట.

ఇక అడగలేదు. ఫైలంతా ఇంకోచోట మళ్లీ రాసుకున్నాను. మారనివాటికి కాన్‌స్ట్, మారేవాటికి లెట్. వరుసకు ఒకటే, చదవగానే పని తెలిసే పేరుతో. సైజు సైజే, రంగు రంగే. అప్పుడు గానీ తలకెక్కలేదు. ఉద్యోగం ఖాయమైంది. కానీ ఆ కాపీ ఎవరికీ చూపించలేదు, ఇంత విప్పి రాసుకుంటే గానీ అర్థం కాలేదా అని నవ్వుతారని.

మొన్న ఒక యూనిట్‌లో స్టాకు తప్పు చూపిస్తోందని ఫోనొచ్చింది. సార్ తన పాత ఫైలును చాలాసేపు పైకీ కిందికీ జరిపి, కళ్లద్దాలు తీసి, నా దగ్గరకొచ్చారు.

"ఏమ్మా, ఈడ ఈ కె ఏంది? నాకే గొత్తయితా లేదు."

"చూస్తే తెలీదా సార్?" అన్నాను. అందరికీ వినపడేలాగే అన్నాను.

పక్కవాళ్లు నవ్వారు. సార్ కూడా నవ్వి, అర్థమైనట్టు తలూపి, వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు.

ఆ తల ఊపడం ఏమిటో నాకు తెలుసు. నా మీద నాకే అసహ్యం వేసింది. కాపీ పంపితే నిమిషంలో పనైపోయేది. పంపితే ఇన్నాళ్లూ దాచానని తెలుస్తుంది. సాయంత్రం దాకా ఆయన ఒక్కరే ఆ ఫైలు ముందు కూర్చున్నారు, నేను చూస్తూ ఉన్నాను.