రంజని నీలిదారం

ఇప్పుడు మా ఇంట్లో పొద్దున్నే చట్నీ నూరడం అయిపోతోంది. మునుపు అయ్యేది కాదు. నూరుకునే పొత్రం నా కూతురు రంజని తీసుకుపోయేది. ముందురోజు కుట్టిన గుడ్డసంచుల్లో ఒకటి తీసి, అందులో పొత్రం వేసి, వంటింటి తలుపు మేకుకు తగిలించేది. ఇడ్లీలు చల్లారిపోతున్నా దింపనిచ్చేది కాదు.

"ఉండుమా, ఇంకొంచేపు ఊగనీ. కొబ్బరికాయ మోసే సంచి. పిడి తెగితే మన మానం పోతాది," అనేది.

ఇప్పుడు పొత్రం సన్నికల్లు మీదే ఉంటోంది. అడిగేవాళ్ళు లేరు.

రంజని చెన్నైలో ఈ వ్యాసర్పాడిలోనే పుట్టింది. వాళ్ళ నాన్న పోయాక చదువు మానేసి, ఎక్స్‌పోర్ట్ కంపెనీలో చొక్కాలకు కాలర్లు కుట్టడానికి పోయేది. కరోనా అప్పుడు కంపెనీ మూశారు. మళ్ళీ తెరిచినప్పుడు మా వీధి ఆడవాళ్ళను ఎవరినీ పిలవలేదు. టీవీలో మాత్రం దేశం పడిపోయింది, నిలబెట్టాలి అని రోజూ ఎవరో ఒకరు చెప్పేవాళ్ళు. ఒకరోజు అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ రంజని అంది:

"ఎవురో వచ్చి నిలబెడతారని కాచుకోని ఉంటే ఎట్లామా? మన వీధికి మనమే పని పుట్టించాల. ప్రతి వీధీ అట్ల చేస్తే దేశం లేస్తాది."

నాకు దేశం సంగతి తెలియదు. ఆ పిల్ల ఊరికే అనలేదని మాత్రం తెలుసు. ప్లాస్టిక్ వద్దన్నాక, పెళ్ళిళ్ళలో తాంబూలం గుడ్డసంచుల్లో ఇస్తున్నారు. చింతాద్రిపేటలో ఆ సంచులు అమ్మే మోహన్‌రాజ్‌ను అడిగి గుడ్డ తెచ్చింది. వీధిలో మిషన్ ఉన్నవాళ్ళందరినీ ఇల్లిల్లూ తిరిగి పిలిచింది.

మా పక్కింటి లూర్దుమేరి నవ్వింది. "ఏమే కోడలా, దేశానికి కుట్లేస్తా ఉండావంటనే?"

"అవునత్తా. గాయం పెద్దది. నువ్వూ వస్తే తొందరగా మానతాది."

లూర్దుమేరి వచ్చింది. భువనేశ్వరి, ఇంకా కొందరు వచ్చారు. అంతా కలిసి ఒక కూటమి అయ్యారు. రంజని ఒక్క కట్టుబాటు పెట్టింది. పిడి అతికించే చోట ఒక్కొక్కరూ తమ రంగు దారం వేయాలి. ఎక్కడ తెగినా ఎవరిదో తెలుస్తుంది. వాళ్ళే తిరిగి కుట్టివ్వాలి, నాది కాదు అనకూడదు. లూర్దుమేరి ఎరుపు తీసుకుంది. రంజని నీలం.

పోయిన వానల్లో గుడ్డ పెట్టిన కొట్టంలోకి నీళ్ళు వచ్చాయి. రంజని నడుములోతు మురికినీళ్ళలో దిగి తానులు మోసింది. తర్వాత జ్వరం వచ్చింది. ఎలుకల వల్ల వచ్చే జ్వరం అన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటికి నడిచి రాలేదు.

మేము మైలలో ఉన్నాం. చావు జరిగిన ఇంటికి వచ్చి పొత్రం ఎలా అడుగుతామని కూటమిలో ఎవరూ రాలేదు. తమ ఇళ్ళలోనే కుట్టి, ఏదీ వేలాడదీసి చూడకుండానే కట్టలు కట్టి పంపేశారు.

కర్మకాండ అయ్యాక మోహన్‌రాజ్ ఒక మూట పట్టుకుని వచ్చాడు. కూటమి అంతా వాకిట్లో చేరింది. ఏదో పెళ్ళిలో పిడులు తెగి కొబ్బరికాయలు చుట్టాల కాళ్ళమీద పడ్డాయట. మూటలో ఉన్నవన్నీ నీలిదారం వేసినవే.

"పోనీలేమ్మా," అన్నాడు మోహన్‌రాజ్ నన్ను చూసి. "బిడ్డ జ్వరంతో కుట్టుంటాది. పోయినోళ్ళను ఏమంటాం? ఆ దారం ఇంక రాదు గదా. మీ ఆర్డర్ అట్నే ఉంటాది."

నేనొక సంచి తీసి చూశాను. ఒక్క వరస కుట్టు, అదీ వంకర. రంజని చదరంగా చుట్టూ కుట్టి, మధ్యలో అడ్డంగా గీతలు వేసేది. తలెత్తితే లూర్దుమేరి నా ముఖమే చూస్తోంది. అవి ఎవరు కుట్టారో అర్థమైంది. ఊరుకుంటే అందరికీ పని నిలుస్తుంది. నా బిడ్డ చేసిన పని మాత్రం చెడ్డపేరుతో మిగులుతుంది.

"ఇది రంజని కుట్టు కాదన్నా," అన్నాను.

"మరెవురిది?"

"మా కూటమిది. విప్పి మళ్ళీ కుట్టిస్తాం."

"కూటమంటే ఎవురుమా? రేపు ఇంకోటి తెగితే ఎవుర్ని నిలబెట్టి అడగాల?"

రంజని ఉంటే అదే అడిగేది.

"నేనే అన్నా," అంది లూర్దుమేరి. "ఆ పిల్ల వంతు కూడా నేనే కుట్టినా. ఆర్డర్ ముగిసేదాకన్నా దాని దారం ఉండనీ అని నీలం ఏసినా. నువ్విచ్చిన గడువు దగ్గర పడింది, కండ్లల్లో నీళ్ళు, సూది కనపడలా."

మోహన్‌రాజ్ మూట నా ముందుకు జరిపాడు. నీలిదారం వేసినవన్నీ విప్పి తిరిగి కుట్టిస్తే తీసుకుంటానన్నాడు. ఈ పెళ్ళిళ్ళకు మాత్రం ఫ్యాక్టరీ సంచులు తెప్పించుకుంటానన్నాడు. ఇంకెప్పుడైనా చూద్దామన్నాడు.

ఆయన వెళ్ళగానే భువనేశ్వరి కొంగు విదిలించుకుంది. "పోయినోళ్ళకి పేరు ఎందుకు పెద్దమ్మా? ఉండేవాళ్ళకి కూడు గావాల. నువ్వు నోరు మూసుకోని ఉంటే సరిపోయేది."

తన దారం ఉండ నా ముందు పెట్టి పోయింది. మిగతావాళ్ళూ ఒక్కొక్కరే పోయారు. నేనెవరినీ ఆపలేదు. భువనేశ్వరి అన్నదాంట్లో తప్పు లేదు.

లూర్దుమేరి, నేను మూట ముందు కూర్చున్నాం. నేను దారం విప్పుతుంటే తను ఎర్రదారంతో కుడుతోంది.

"నన్ను తిట్టు వదినా," అంది. విప్పిన సంచి తన ఒళ్ళో పెట్టాను.

కొన్ని విప్పాక ఒక సంచి దగ్గర చెయ్యి ఆగింది. చుట్టూ చదరం, మధ్యలో అడ్డగీతలు. పిడి పట్టి బలమంతా పెట్టి లాగాను. కదల్లేదు. జ్వరం రాకముందు కుట్టింది ఎలాగో ఇందులో కలిసిపోయింది.

"అదీ విప్పాల గదా. నీలం ఉండేవన్నీ అన్నాడు," అంటూ లూర్దుమేరి కత్తెర చాచింది.

నేను కత్తెర తీసుకోలేదు. ఆ సంచి మడిచి, పంపాల్సిన వాటి మధ్యలో పెట్టి, ఇంకోటి అందుకున్నాను.