మజ్జిగ కుండల బల్ల

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, చేతిలో చరిత్ర బి.ఏ., దాని మీద బి.ఇడి., పైగా మా పల్లె మొత్తానికి మొదటి టీచరమ్మని. (ఊరు వేరు, పల్లె వేరు. పల్లె అంటే చర్చి ఉన్న వైపు, కూలికి వెళ్ళేవాళ్ళుండే వైపు. నేను చదివిన చరిత్రలో ఈ తేడా ఎక్కడా లేదు.) ఇవన్నీ ఒక్కసారే కలిసొస్తే మనిషికి కాస్త వెర్రెక్కుతుంది. నోరైతే పుట్టుకతోనే పెద్దది. ప్రత్తిపాడు దగ్గర మా ఊరి హైస్కూల్లోనే టెంపరరీగా చేరిన మూడో నెలకే హెడ్మాస్టరు గారు నన్ను "లాయరమ్మా" అని పిలవడం మొదలుపెట్టారు. అది పొగడ్తనే అనుకున్నాను.

ఆ ఏడు వార్షికోత్సవానికి పాత వస్తువుల ఎగ్జిబిషన్ పెడదామన్న తెలివి నాదే. అందులో ఒక మూల "ఇదేమిటో చెప్పుకోండి" అని బోర్డు. చీటీ మీద జవాబు రాసి డబ్బాలో వెయ్యాలి, సరిగ్గా చెప్పినవాళ్ళకి స్టీలు టిఫిన్ క్యారియర్. ఆ మూలకి వస్తువు స్కూలు కమిటీ ప్రెసిడెంటు గారి గొడ్లసావిట్లోంచి వచ్చింది. ఆయన్ని ఊళ్ళో అందరూ మునసబు గారనే అనేవాళ్ళు. (ఆ ఉద్యోగాల్ని ప్రభుత్వం అప్పటికే పీకేసింది. పిలుపును పీకెయ్యడం ప్రభుత్వం వల్ల కాలేదు.) ఒకదాని మీద ఒకటి రెండు నల్లటి దుంగలు. ఒక చివర ఇనప బందు, రెండో చివర తాళం వేసుకునే కొక్కెం. రెండూ కలిపితే మధ్యలో గుండ్రంగా రెండు కంతలు. "మా నాయన కాలం నాటిది. మజ్జిగ కుండలు దొర్లకుండా పెట్టుకునే బల్ల" అన్నారాయన. డ్రిల్లు మాస్టారు ఊరుకోకుండా, "మజ్జిక్కి తాళం ఎందుకండీ?" అన్నాడు. ఆయన తడుముకుంటుంటే నేనే అందుకున్నాను: "కోడళ్ళు తాగెయ్యకుండానండీ!" అందరూ పగలబడి నవ్వారు. అందరికంటే ఎక్కువ ప్రెసిడెంటు గారే నవ్వి, "పిల్ల చురుకైందే! పై వారం మీటింగులో నీ పర్మనెంటు సంగతి చూద్దాంలే" అన్నారు. ఆ ఉద్యోగం నిలబడితే మా అమ్మ చేత మిరపకోతలు మాన్పించాలని నా ఆశ. అందుకని నేనూ నవ్వాను.

ఎగ్జిబిషన్ నాడు మా తాత వచ్చాడు. చర్చిలో గంట కొట్టేది ఆయనే. క్రిస్మస్‌కి కట్టే పంచె కట్టుకుని మరీ వచ్చాడు, మనవరాలి స్కూలు కదా. ఆ మూల దగ్గర పిల్లలు ఎద్దుల కాడి అని ఒకడు, కోళ్ళగూటి తలుపని ఒకడు కొట్టుకుంటున్నారు. తాత చెప్పులు విప్పి, నేల మీద చతికిలబడి, పై దుంగ ఎత్తాడు. రెండు కాళ్ళూ చాపి కంతల్లో పెట్టుకుని దుంగ దించాడు. చీలమండల దగ్గర కొలత తీసినట్టు సరిపోయింది.

"బొండకొయ్య అంటారే అమ్మాయ్ దీన్ని. నా పదేళ్ళప్పుడు ఈ ప్రెసిడెంటు గారి నాయన నన్ను ఇందులోనే ఏశాడు. మిరపచేలో రాలిన కాయలు రెండు గుప్పిళ్ళు ఏరుకున్నానని. పొద్దస్తమానం ఎండలో. గుక్కెడు నీళ్ళు కూడా పొయ్యలా."

(మజ్జిగ సంగతి నేను అడగలేదు.)

"రాయవే చీటీ మీద. నాకు రాయటం రాదుగా" అన్నాడు. పెన్ను తీశాను. అంతలో నా వెనక ప్రెసిడెంటు గారి గొంతు: "ఏమ్మా టీచరమ్మా, ఏం రాస్తున్నావు?" ఊరందరితో వాదించిన నా నోరు పడిపోయింది, చెయ్యి మాత్రం చకచకా రాసేసింది: మజ్జిగ కుండల బల్ల. కింద తాత పేరు. మడిచి డబ్బాలో పడేశాను.

"ఉన్నదున్నట్టు రాశావా?"

"రాశాను తాతా."

సాయంత్రం చీటీలు విప్పితే, ప్రెసిడెంటు గారి లెక్కన సరైన జవాబు ఒక్కటే తేలింది. అలా అవుతుందని నాకు తట్టనే లేదు (అంత చురుకైన పిల్లని మరి!). మైకులో తాత పేరు పిలిచారు. ఆయన స్టేజీ ఎక్కి, క్యారియర్ అందుకుని, ప్రెసిడెంటు గారి చేతులు పట్టుకున్నాడు. పక్కనే నిలబడ్డాను కాబట్టి ఆ చప్పట్లలో నాకు వినబడింది.

"మీ నాయన తప్పని ఒప్పుకోలా బాబూ. మీరు ఒప్పుకున్నారు, అదీ పదిమందిలో. చల్లగా ఉండండి."

ప్రెసిడెంటు గారు చీటీ వంక చూశారు, నా వంక చూశారు. "జవాబు కూడా చదవండి సార్" అని హెడ్మాస్టరు గారు గుర్తుచేస్తే, "ఎందుకులెండి, టైమైంది" అని చీటీ జేబులో పెట్టేసుకున్నారు. పై వారం నా ఉద్యోగం పర్మనెంటైంది.

తాత ఆ క్యారియర్ పట్టుకుని పల్లెలో గడప గడపకీ తిరిగాడు. "మునసబు కొడుకు ఒప్పుకున్నాడ్రా! బహుమతి కూడా ఇచ్చాడు!" ఇంకో రెండేళ్ళు బతికాడు, అదే చెప్పుకుంటూ పోయాడు. బహుమతి మజ్జిగ కుండల బల్లకే వచ్చిందని ఊళ్ళోవాళ్ళకి తెలుసు. పల్లెలోకొచ్చి చెప్పేదెవరు? చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే, చెప్పలేదు. ఆ తర్వాత ఎవరితోనూ ఒక్క మాట పడింది లేదు నేను. కండక్టర్లతో, కూరలవాళ్ళతో, పాస్టరుగారితో, డి.ఇ.ఓ. ఆఫీసుతో, అందరితో వాదించాను. గయ్యాళి అన్నారు, అననీ.

ఆ క్యారియర్ ఇప్పుడు మా వంటింట్లో, పై అరలో ఉంది. "దేనికమ్మా ఇది? నువ్వు ఇందులో ఎప్పుడూ ఏమీ పెట్టవు" అంటుంది మా అమ్మాయి. "చెప్పుకో చూద్దాం" అని నవ్వి, తడిగుడ్డతో ఒకసారి తుడిచి, మళ్ళీ అక్కడే పెడతాను.