ఒకే పగ్గం

కొత్త రబ్బరు వాసన నాకు పడదు. తిరుపతిలో మా వీధికి రెండు మలుపుల అవతల రిమోటు బండ్లూ డ్రోన్లూ అమ్మే చిన్న అంగడి ఒకటుంది. నిన్న మధ్యాహ్నం ఆ అంగడాయన రెండు డబ్బాలు విప్పి, రెండు మాన్‌స్టర్ ట్రక్కులు ఎత్తి గాజుబల్ల మీద పెట్టగానే, అరచేయంత వెడల్పున్న ఆ చక్రాల నుంచి లేచిన వాసనకు నేను రెండడుగులు వెనక్కి జరిగినాను. ఒకటి చిన్నది, మామూలు మోటారుది, వేగం తక్కువే గానీ గోడకు కొట్టినా గుంతలో పడినా మళ్లీ లేచి పరిగెత్తే రకం. రెండోది పెద్దది, బ్రష్‌లెస్ అనే బలమైన మోటారు, లైపో అనే తేలికపాటి బ్యాటరీ, ఇసుక దిబ్బ మీది నుంచి మనిషెత్తు ఎగురుతుందట, కానీ దిగిన ప్రతిసారీ ఏదో ఒకటి విరుగుతుందట. "అదుపు లేకుండా వదిలితే మన కాలు కూడా విరగ్గొడుతుంది సార్" అని ఆయన నవ్వినాడు. నాకు నవ్వు రాలేదు.

బండి నా కోసం కాదు. మా పెద్దనాయన కూతురు సుజక్క చిత్తూరులో టీచరు. ఆమె కూతురు హారికకు పుట్టినరోజుకు గుట్టలెక్కే ట్రక్కే కావాలట, బొమ్మలు వద్దట. నిన్న పొద్దున అక్క ఫోన్ చేసి, "బండ్ల సంగతి నీకే బాగా తెలుసు గదరా శీనా, ఏది మంచిదో నువ్వే సూసి తీసుకో" అంది. మామూలుగానే అంది. అక్క ఇప్పటికీ కుడికాలు కొంచెం ఈడుస్తూ నడుస్తుంది. ఆ కాలు అట్లా కావడానికి కారణం నేను. ఇరవై రెండేళ్లుగా ఆ మాట ఆమెకు చెప్పాలని నోటిదాకా తెచ్చుకోవడం, మింగేయడం, ఇదే నా పని. సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే అనుకునేవాణ్ణి, నేనూ, కాణిపాకం దేవుడూ.

మా ఊరు చిత్తూరు నుంచి కాణిపాకం పోయే దారికి కొంచెం లోపల. ఎండాకాలం వచ్చిందంటే తోతాపురి కాయల లారీలు దుమ్ము లేపుకుంటూ పోవడం, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వైపు నుంచి పులిసిన తీపి వాసన గాలికి కొట్టుకు రావడం, మధ్యాహ్నం సంగటిలోకి మా పెద్దమ్మ ఊరుబిండి పచ్చడి నూరే రోటి చప్పుడు, గంగమ్మ జాతర దగ్గర పడితే ఇంటింటా కాగే అంబలి, వేపాకు తోరణాలు, మొహాలకు బొగ్గూ సున్నం పూసుకుని వీధుల్లో తిరిగే వేషగాళ్లు, వాళ్లను చూసి ఏడ్చి మళ్లీ వాళ్ల వెనకాలే పరిగెత్తే మేము. మాకు బండి అంటే అరిగిపోయిన హవాయి చెప్పులను గుండ్రంగా కోసి, తుమ్మముల్లు ఇరుసుగా గుచ్చి, దారం కట్టి ఈడ్చుకుపోయేదే. చక్రాలు కోయడంలో సుజక్కది మంచి చేయి. నాకంటే ఏడాది పెద్దది, నాకంటే ధైర్యం ఎక్కువ, నేను కోసిన చక్రం వంకరగా వస్తే తన చక్రం నాకిచ్చేసి నాది తను పెట్టుకునేది.

ఇంటికి పెద్ద మా అవ్వ. తిన్నె మీద ఎడమ మూల ఆమెది. ఒళ్లో వక్కాకు తిత్తి. ఆ తిత్తిలో ఆకూ వక్కా సున్నమే కాదు, బీరువా తాళం, తలనొప్పి మందు, విరిగిన దువ్వెన, మా దగ్గర లాక్కున్న గోలీలు, అన్నీ ఉండేవి. ఇంట్లో ఎవరు తగువులాడుకున్నా, ఆ తగువుకు కారణమైన వస్తువు పోయి ఆ తిత్తిలో చేరేది.

నేను ఏడో తరగతి పూర్తి చేసిన ఎండాకాలం, కువైట్‌లో లారీ తోలే పెద్దనాయన జాతరకు వచ్చినాడు. సుజక్కకొకటి, నాకొకటి, రెండు రిమోటు ట్రక్కులు తెచ్చినాడు. ఆమెది పచ్చది, నాది ఎర్రది. డబ్బా తెరిచినప్పుడు వచ్చిన రబ్బరు వాసనను మేమిద్దరం ముక్కులు ఆనించి పీల్చుకున్నాం. రిమోటు నుంచి పైకి లాగితే మూరెడు స్టీలు ఏరియల్ తళతళలాడుతూ వచ్చేది. ఊరంతా తిన్నె ముందు చేరింది. సుజక్క తన మీట నొక్కింది. పచ్చ బండితో పాటు నా ఎర్ర బండి కూడా గుర్రుమని లేచి, రెండూ జోడుగా పోయి అవ్వ కాళ్ల కింద దూరినాయి.

పెద్దనాయన చేసిన పొరపాటు అదే. లోకంలోని లారీలన్నీ తెలిసిన మనిషి, ఒకే అరలో పక్కపక్కనున్న రెండు డబ్బాలు రంగు చూసి తీసుకున్నాడు గానీ, డబ్బా మూల ఉండే ఫ్రీక్వెన్సీ అంకె చూడలేదు. రెంటికీ ఒకే అంకె. ఎవరి రిమోటు నొక్కినా రెండు బండ్లూ వింటాయి. అవ్వ అంతా చూసి, "ఒగే పగ్గానికి రెండెద్దుల్ని కట్టుకోనొచ్చినావే నాయనా" అంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో రిమోటును పగ్గం అనడమే అలవాటైంది. తీర్పు కూడా అవ్వే చెప్పింది. ఒక దినం అక్కది, ఒక దినం నాది. ఎవరి దినం కాదో వాళ్ల పగ్గంలోని రెండు సెల్లులూ తీసి అవ్వ తిత్తిలో వెయ్యాలి. మర్నాడు తీసుకునేటప్పుడు ఆ సెల్లులు వక్క వాసన కొట్టేవి. నీరసపడిన సెల్లులను మిద్దె మీద ఎండకు పెట్టి, కాలుతున్నప్పుడే తెచ్చి వేసుకుంటే ఇంకో పావుగంట ఆడేది బండి.

ఊరి వెనక ఎప్పుడో ఆపేసిన క్వారీ ఒకటుండేది. గ్రానైటు రాళ్లు తీసి వదిలేసిన పెద్ద గుంత, గట్టున కంకర కుప్పలు, పగిలిన బండలు. ట్రక్కులు ఎక్కించడానికి అంతకంటే మంచి చోటు ఎక్కడా లేదు. అక్క తన బండిని కంకర కుప్ప అంచు మీదుగా ఎట్లా ఎక్కించేదో ఇప్పటికీ కళ్లకు కడుతుంది. కొంచెం దూరంలో ఆపి, మీట చిన్నగా రెండుసార్లు తట్టి, ఒక్కసారిగా వదిలేది. నేను ఎక్కిస్తే సగంలో బోల్తా పడేది. పిల్లలంతా అక్క దినం కోసమే కాచుకునేవాళ్లు. నాకు కడుపుమంటగా ఉండేది, దాచడమెందుకు.

అక్క దినమైన ఒక రోజు, నా సెల్లులు బుద్ధిగా అవ్వ తిత్తిలో వేసి, నాయన టార్చిలైటులోని సెల్లులు రెండు తీసి నా పగ్గంలో వేసుకుని, క్వారీలో ఒక బండ వెనక కూర్చున్నాను. అక్క ఒక్కతే ఉంది. ఆమె కుడికి తిప్పితే నేను ఎడమకు తిప్పినాను. ఆమె ఆపితే నేను ముందుకు తోసినాను. "దీనికేందో గాలి సోకినట్టుండాదే" అని తనలో తాను నవ్వుకుంది. నాకూ నవ్వొచ్చింది, నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాను. బండి పోయి పోయి గుంత అంచున ఆగింది. అక్క రిమోటు కింద పెట్టి, ఒంగి, చేయి చాచింది. అప్పుడు నేను ఇంకొక్కసారి నొక్కినాను. బండి ఒక జానెడు ముందుకు పోయింది. చేయి కూడా ఒక జానెడు ముందుకు పోయింది.

కంకర జారిన చప్పుడు, ఆ తర్వాత ఏ చప్పుడూ లేకపోవడం, రెండూ నాకు గుర్తున్నాయి. నేను పరిగెత్తుకుంటూ పోయి పెద్దవాళ్లను పిలిచినాను. పగ్గం పొదలో దాచిన తర్వాతే పోయినాను, అది కూడా చెప్పాలి.

అక్క కుడికాలు మోకాలి కీలు దగ్గర విరిగింది. పూర్తిగా బాగుచేయడం ఎవరి చేతిలోనూ లేదని డాక్టర్లు అన్నారు, నడుస్తుంది గానీ కాలు కొంచెం పొట్టిదవుతుంది అన్నారు. ఆ వానాకాలం క్వారీ నిండింది. పచ్చ బండి అడుగునే ఉండిపోయింది. నేను ఒకసారి గట్టున నిలబడి, నా పగ్గంలో సెల్లులు వేసి, మీట నొక్కినాను. పైకి ఏమీ కనపడలేదు. కానీ అడుగున ఆ చక్రాలు తిరిగినాయనే నమ్మినాను. ఇప్పటికీ జ్వరం వచ్చినప్పుడు నా కలలో నీళ్ల కింద ఆ గుర్రుమనే చప్పుడు వినిపిస్తుంది.

అక్క కర్ర లేకుండా నడిచిన నెలలో మొక్కు తీర్చడానికి అందరం కాణిపాకం పోయినాం. మా వైపు ఎంత గడుసు మనిషైనా అక్కడ అబద్ధపు ప్రమాణం చేయడానికి జంకుతాడు. బండి దానంతటదే కదిలిందని అక్క మొదట్లో ఒక మాట అనింది, అది అవ్వ మనసులో ఉండిపోయింది. ప్రమాణానికి ముందు కోనేటి నీళ్లు నెత్తిన పోసుకోమని చెప్పి, అవ్వ మా ఇద్దరినీ స్వామి ముందు నిలబెట్టింది. "ఆ పొద్దు పగ్గం ముట్టినావా శీనా? ఈడ సెప్పు, ఇంటికి పోయినాక ఎవురూ ఏమీ అనరు" అంది. ముట్టలేదని ప్రమాణం చేసినాను. నా తర్వాత అక్కను అడిగింది. "కాలు జారింది అవ్వా. ఎవురూ ఏమీ సెయ్యలా" అని అక్క కూడా ప్రమాణం చేసింది. స్వామి ఏడాదికేడాది పెరుగుతాడని, పాత కవచాలు పట్టవని ఎవరో చెప్తుంటే విని, నా అబద్ధం కూడా ఆయనతో పాటే పెరుగుతుందని భయపడినాను. భయపడినట్టే పెరిగింది.

నిన్న అంగట్లో ఇవన్నీ తలలో తిరుగుతూండగా అక్కకు వీడియో కాల్ చేసి రెండు ట్రక్కులూ చూపించినాను. చక్రాలు చూసింది, బరువు అడిగింది, చిన్నదే నయం అంది. "ఇద్దురమూ ఆడుకోవాల్రా, నాకూ ఒగటి తీసుకో" అంది. ఆ తర్వాత ఇంకొకటి అడిగింది.

"ఒగరి పగ్గానికి ఇంకొకరి బండి కదలదు గదా?"

ఆ మాట అడగడానికి అక్కకు ఇరవై రెండేళ్లు పట్టిందని అప్పుడు అర్థమైంది. చిన్న రకంలోనే ఇంకొకటి తెమ్మని, రెండూ నేల మీద పెట్టించి, ఒక రిమోటు నొక్కినాను. ఒకటి పరిగెత్తి గోడకు కొట్టుకుంది. రెండోది కదలలేదు. ఇప్పటి రిమోట్లు తమ బండితో తప్ప మాట్లాడవని అంగడాయన చెప్తున్నాడు. కదలలేదని అక్కకు చెప్పినాను.

"ఆ పొద్దు నేనే నొక్కినానక్కా."

"తెలుసు. బండ మీద నీ ఏరియల్ మెరస్తా ఉండె."

"మరి కాణిపాకంలో ఎందుకట్ల ప్రమాణం చేసినావు?"

"నువ్వు ముందే సేసేసినావు గదరా. నిన్నొగణ్ణే ఎట్ల ఇడిసిపెట్టేది?"

అంతలో హారిక ఏ రంగు కావాలో చెప్తూ ఫోన్ లాక్కుంది.

ఆ క్వారీని పూడ్చి ఇప్పుడు ప్లాట్లు వేసినారు. అవ్వ లేదు, ఆమె తిత్తి ఏమైందో ఎవరికీ తెలియదు. పచ్చ బండి ఎవరి ఇంటి పునాది కిందో ఉంటుంది. అంగట్లో ఒక ఎర్రది, ఒక పచ్చది తీసుకున్నాను. ఆదివారం చిత్తూరు పోతున్నాను. పోయే దారిలోనే కాణిపాకం ఉన్నా, అబద్ధపు ప్రమాణం చేసింది ఇద్దరమూ గనక నేనొక్కణ్ణే ఆగదలచుకోలేదు. ముందు అక్క ఇంటికి పోయి, ఆమెను వెంటబెట్టుకుని వస్తాను.