ముహూర్తం చూసి ఎక్కిన విమానం

విశాఖ నుంచి డ్రోన్ కెమెరాతో షూటింగులకు తిరుగుతుంటాను. టికెట్లు నేనే కొనుక్కుంటాను. ఆ రోజు ఫిల్మ్‌నగర్‌లోని ఓ ప్రొడక్షన్ ఆఫీసులో కూర్చుని, నేనెప్పుడూ ఎక్కే ఎయిర్‌లైన్ వాళ్ల క్రెడిట్ కార్డుకి ఫారం నింపుతున్నాను. దాని పాయింట్లు వాళ్ల విమానాలకే పనికొస్తాయి. ఏ విమానానికైనా పాయింట్లు పనికొచ్చే బిజినెస్ కార్డు ఫారం కూడా ఉంది కానీ, దాని ఫీజు చూసి పక్కన పెట్టేశాను.

అప్పుడే మేనేజర్ యాదగిరి గారు వచ్చారు. "షూటింగ్ ఎల్లుండి మధ్యాహ్నం కాదు సార్. ఫస్ట్ షాట్‌కు పంతులు గా రోజే పొద్దుగాల తొమ్మిదీ నలభై రెండుకు ముహూర్తం పెట్టిండు. గా టైముకు గోవాల ఉండాలె."

"పొద్దున్నే నేనెక్కే ఎయిర్‌లైన్ ఫ్లైట్ లేదండీ."

ఆయన నవ్వారు. "గీడ ఫ్లైట్ చూసి ముహూర్తం పెట్టరు సార్. ముహూర్తం చూసి, దొరికిన ఫ్లైట్ ఎక్కుతరు."

పదేళ్లుగా తిరుగుతున్నా నాకు తట్టని సంగతి! బిజినెస్ కార్డు ఫారం ముందుకు లాక్కుని పెన్ను తీశాను.

యాదగిరి గారు గోడమీది క్యాలెండర్ చూసి నా చెయ్యి పట్టుకున్నారు. "జర ఆగుండ్రి. పన్నెండు దాకా రాహుకాలం."

పన్నెండు దాటాకే సంతకం పెట్టాను.