కరెంటు తీగ కింద కాసిన ద్రాక్ష

మా ముత్తాత చెంగల్‌రెడ్డి గారు గట్టు మీద నడిచి వస్తుంటే ఎదురొచ్చేవాళ్లు గొడుగు ముడిచి పక్కకు తప్పుకునేవారట. మా తాత పెంచలరెడ్డి గారు తీర్పు చెబితే అల్లూరు చుట్టుపక్కల ఎవరూ కోర్టు గడప తొక్కలేదు. మా నాన్నగారు తొక్కారు. చాలాసార్లు, మా భూముల కోసమే. అలా తరుగుతూ వచ్చి వంశగౌరవం మొత్తం నా వెన్నెముకలోనూ, మూడెకరాల ఇసుక దిబ్బలోనూ మిగిలింది. ఆ వెన్నెముక వంగనందువల్ల ఆ దిబ్బకు ఏ గతి పట్టిందో చెబుతాను. నవ్వండి, నేనేమీ అనుకోను. అనుకున్నా పైకి చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు.

ఇది ఐదారేళ్ల కిందటి సంగతి. దిబ్బకు చుట్టూ రొయ్యల గుంటలే. వాటి ఆసామి ఏడాదికోసారి వచ్చి, "రెడ్డి గారూ, మధ్యలో మీరొక్కరే మిగిలినారు" అని గుర్తుచేసేవాడు. నేను మీసం సవరించుకునేవాణ్ని. ఆ నేలలో వరి పండదు. చివరకు మా ఆవిడ సరళ ఒక మాట తేల్చింది: "ఇంకొక్క పంట వేసి చూద్దాం. అది కూడా రాకపోతే అమ్మేద్దాం."

అప్పుడు వచ్చాడు మాల్యాద్రి. మా ఎద్దులు తోలిన కోటయ్య కొడుకు. చదువుకుని, నాసిక్ కొండల్లో ఒక వైను కంపెనీ తోటలు చూస్తున్నాడు. దిబ్బ మీద ఇసుక పిడికిట పట్టి చూశాడు.

"అయ్యా, ఇక్కడ షెనిన్ బ్లాంక్ వేద్దాం. ఫ్రాన్సు నుంచి వచ్చిన తెల్ల ద్రాక్ష. అడుగున మంచినీళ్లుండాయి, పైన సముద్రపు గాలి ఉండాది. ఇంకేం కావాల?"

"వైనుకా? మా దిబ్బ మీదా?"

"పండించేది మీరు, పిండేది మేము. దీన్ని ముందుగా కోస్తే నురగ పొంగే రకం. పండినాక కోస్తే అసలు సిసలు వైను. ఇంకా ఆగితే తేనె. చేపల పులుసు పక్కన పెట్టినా తల వంచదయ్యా."

తల వంచదన్న మాటకు నేను పడిపోయాను. పైగా ఒక్క పండు ఇన్ని పనులు చేస్తుందట! మా వంశంలో నలుగురు మగవాళ్లు కలిసి ఒక్క పని చేసిన దాఖలా లేదు. మొదటి కాపు బాగుంటే కంపెనీ పదేళ్లు పంట కొంటుంది, భూమి మాకే ఉంటుంది. అదీ ఒప్పందం.

రాతి కూసాలు నాటి, కమ్మీలు లాగి, పందిరి వేశాం. ఆ తీగ పెరిగిన తీరు చూడాలి మీరు! ఉప్పుగాలికి మా ఇనప గేటు తుప్పు పట్టి రాలిపోయింది గానీ ఆ ఆకు అంచు కూడా ఎర్రబడలేదు. రెండేళ్లు తిరిగేసరికి పందిరి కింద మిట్టమధ్యాహ్నం కూడా సాయంత్రంలా ఉండేది. నాయుడుపేట నుంచి కూడా వచ్చి ఫొటోలు దిగారు. ప్రతి ఫొటోలో కుర్చీలో కూర్చున్నది నేనే.

వానాకాలం వెళ్లగానే మాల్యాద్రి ఫోను చేశాడు.

"అయ్యా, ఇప్పుడు కొమ్మలన్నీ జానెడు మిగిల్చి కత్తిరించాల. మనిషిని పంపిస్తుండా."

"అన్నీనా?"

"అన్నీ. పందిరి మీద ఆకనేది మిగలకూడదు."

"మాల్యాద్రీ, మా ఇంట్లో పచ్చని చెట్టు మీద కత్తి పెట్టిన మగాడు లేడు."

"పెట్టకపోతే కాయదయ్యా. కోస్తేనే కొత్త చిగురు, ఆ చిగురుకే గుత్తి."

"మాకు తెలుసులే."

పాఠకులారా, ఈ రెండు మాటల మీదే మా రెండు వందల ఎకరాలు పోయాయి.

కత్తెర పట్టుకుని వచ్చిన మనిషిని గేటు దగ్గరే ఆపి, బస్సు చార్జీ ఇచ్చి తిప్పి పంపాను. సరళ నవ్వింది.

"వరి ఏపుగా పెరిగితే తాలే మిగులుతుందని ఊరందరికీ చెప్పేది మీరే కదా?"

"అది వరి."

"మరి ఇదేంది?"

"ఇది ఫ్రాన్సుది."

వారం తిరక్కముందే లైన్‌మన్ ఖాజా వచ్చాడు. తూర్పు వరుస మీదుగా కరెంటు తీగలు పోతాయి. మా ద్రాక్ష కరెంటు స్తంభం పట్టుకుని వాటిదాకా ఎగబాకింది. నేను చేరుకునేలోపే అతను కర్రకు కట్టిన కొడవలితో ఆ వరుస మొత్తం నున్నగా కోసేశాడు. తిరుపతి నుంచి దిగొచ్చిన బస్సులో గుండ్లలాగా ఉన్నాయి మోళ్లు.

"ఎవరి తోటో తెలుసా నీకు?"

"నాకు తెలుసు సార్. ఆ తీగలో పోయే కరెంటుకే తెలీదు."

"మా తాతే ఉంటే..."

"మీ తాత కాలంలో కరెంటు లేదు సార్. రవ్వంత పక్కకు జరగండి, కొమ్మ మీద పడతాది."

జరగలేదు. కొమ్మ పడింది. ఆ సాయంత్రమే అతని మీద ఆఫీసుకు రెండు పేజీల ఫిర్యాదు రాశాను.

ఎండలు ముదిరాక కాపు చూడటానికి కంపెనీ మేడమ్ మాల్యాద్రితో వచ్చింది. ఒప్పందం మీద సంతకం పెట్టాల్సింది ఆవిడే. నేను ఇస్త్రీ పంచెలో పందిరి ముందు నిలబడ్డాను. ఆవిడ ఒక ఆకు ఎత్తి చూసింది.

"ఆకు బాగుందండీ."

పది వరుసలు దాటాక, "ఆకు చాలా బాగుందండీ" అంది. ఇరవై దాటాక ఆకులు ఎత్తి చూడటం మానేసింది. మాల్యాద్రి ఆకాశం చూస్తున్నాడు. లోకంలో అందరూ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు. నేను ముందుగా మూడెకరాల ఆకులు పట్టుకుని, తర్వాత చేతులు కాల్చుకున్నాను.

చివరికి తూర్పు వరుస వచ్చింది. అక్కడ ఆవిడ ఆగిపోయింది. మోడుమోడుకూ గుత్తులు! లేత పసుపు, ఎండ తగిలిన పక్క బంగారం. పండు నలిపి, రసాన్ని చిన్న గొట్టంలో వేసి కంటికి పెట్టుకుని తీపి కొలిచింది. తర్వాత ఒక పండు కొరికి, నమ్మలేక ఇంకొకటి కొరికింది.

"ఇంత వేడిలో పులుపు ఇలా నిలవడం నేనెక్కడా చూడలేదు. ఈ వరుస కత్తిరించింది ఎవరండీ? పాతికేళ్లు ద్రాక్షతోటలో బతికిన చెయ్యి ఇది!"

నేను గొంతు సవరించుకున్నాను. వెనకనుంచి సరళ అందుకుంది.

"మా ఊరి లైన్‌మనండీ. మా ఆయన అతని మీద కంప్లైంటు కూడా రాసినారు."

ఆవిడ నవ్వీ నవ్వీ గట్టు మీద కూర్చుండిపోయింది. కళ్లు తుడుచుకుని, "తోటంతా ఇలా ఉంటే ఇవాళే సంతకం పెట్టేదాన్ని. ఒక్క వరుసకు లారీ ఎలా పంపనండీ?" అంది.

మాల్యాద్రి ఆ వరుస పండును రొయ్యల ఐసు పెట్టెల్లో సర్ది తీసుకుపోయాడు. తర్వాత ఒక సీసా పంపాడు. నెత్తళ్ల చేపల వేపుడు ముందు పెట్టుకుని గుక్కెడు తాగాను. ముందు నిమ్మ, వెనకే దోరజామ, మింగాక ఎక్కడినుంచో తేనె. దానికి నేను చేసిన మేలు ఒక్కటీ లేదు. అయినా అంత బాగుంది.

కాబట్టి వెన్ను నిటారుగా పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట కత్తెర పట్టుకుని వచ్చిన మనిషిని ఆపను. కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, అడ్డు తప్పుకుంటాను. ఈ ప్రమాణం నిలబెట్టుకోవడం కష్టమేమీ కాదు.

మూడెకరాలూ ఆ వేసవిలోనే రొయ్యల గుంటల ఆసామికి రిజిస్టరు చేశాం. రాతి కూసాలు విడిగా అమ్మాం.